ఎన్ని కిలోలు, ఎంత ఎత్తుకి?

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట ఒప్పుకుంటాను. నేను పైలట్‌ని కాదు, సైన్యంలో పనిచేసినవాణ్ణీ కాదు. యుద్ధ చరిత్ర చదవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న పిచ్చి. అందులోనూ గెలుపోటముల కంటే సామాన్లు మోసిన కథలంటే ఎక్కువ ఇష్టం. తిండి ఎలా చేరింది, గుండ్లు ఎలా చేరాయి, గాయపడినవాణ్ణి ఎవరు మోసుకొచ్చారు, ఇలాంటివి. సైనిక హెలికాప్టర్ అనగానే మీలో చాలామందికి ముక్కు కింద తుపాకీ, రెండు పక్కలా క్షిపణులు వేలాడేసుకున్న అపాచీ గుర్తొస్తుంది. దాని దగ్గరికీ వస్తాను. అంతకంటే ముందు ఒక బక్కచిక్కిన యంత్రం కథ చెప్పాలి.

1944 ఏప్రిల్, బర్మా. జపాన్ సేనల వెనక, అడవిలో ఒక చిన్న విమానం కూలిపోయింది. అందులో ఒక అమెరికన్ పైలట్, గాయాలతో ఉన్న ముగ్గురు బ్రిటిష్ సైనికులు ఉన్నారు. వాళ్లు దాక్కున్న చోట విమానం దిగడానికి స్థలం లేదు. అప్పుడు కార్టర్ హార్మన్ అనే లెఫ్టినెంట్‌ని పంపారు. అతని దగ్గర ఉన్నది సికోర్‌స్కీ ఆర్-4 హెలికాప్టర్. ఇంజన్ శక్తి 200 హార్స్‌పవర్ కూడా దాటదు. పైలట్ కాకుండా ఇంకొక్క మనిషిని మాత్రమే మోయగలదు, అదీ ఆయాసపడుతూ. బర్మా ఎండకి ఇంజన్ వేడెక్కిపోతోంది. హార్మన్ ఒక్కొక్కరినే ఎక్కించుకుని కొంత దూరంలోని ఇసుక దిబ్బ మీద దింపాడు. అక్కణ్ణుంచి మామూలు చిన్న విమానం తీసుకెళ్లింది. రెండో మనిషిని తెచ్చాక ఇంజన్ మొరాయించింది. ఆ రాత్రికి అక్కడే ఆగి, మర్నాడు మిగతా ఇద్దరినీ తెచ్చాడు. యుద్ధభూమిలో హెలికాప్టర్‌తో ప్రాణాలు కాపాడటం అదే మొదలు.

నలుగురు మనుషులు, రెండు రోజులు, ట్రిప్పుకొక్కరు. ఈ లెక్కని మర్చిపోకండి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. హెలికాప్టర్ గురించి సైన్యాధికారి అడిగే మొదటి ప్రశ్న "ఎంత వేగం?" అన్నది కాదు, "ఎన్ని తుపాకులు?" అన్నదీ కాదు. "ఎన్ని కిలోలు, ఎంత ఎత్తుకి, ఎంత ఎండలో?" అన్నదే.

ఎందుకో చెప్పాలంటే కొంచెం సైన్స్ తప్పదు. విమానం రెక్క కదలదు, విమానమే ముందుకు పరుగెత్తి రెక్క మీదుగా గాలి పోయేలా చేస్తుంది. హెలికాప్టర్ నిలబడ్డ చోటే రెక్కల్ని గిరగిరా తిప్పుతుంది. పైన తిరిగేదాన్ని మనం ఫ్యాన్ అనుకుంటాం గానీ నిజానికి అవి సన్నటి పొడుగాటి విమానం రెక్కలు. అవి గాలిని కిందికి తోస్తాయి, గాలి వాటిని పైకి తోస్తుంది. అంటే తోయడానికి గాలి ఉండాలి, చిక్కగా ఉండాలి. కొండ మీద గాలి పలచన. ఎండలో కూడా గాలి పలచన. కొండ మీద, ఎండలో అయితే ఇక చెప్పక్కర్లేదు. పైగా గాలి పలచబడితే ఇంజన్‌కి కూడా ఊపిరి ఆడదు. రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి. సముద్ర తీరంలో ఇరవై మందిని అవలీలగా ఎత్తిన యంత్రం, హిమాలయాల్లో నలుగురితో లేవలేక మూలుగుతుంది. యంత్రం అదే, పైలట్ అతనే, గాలే మారింది.

ఇంకో సంగతి. రోటర్, అంటే పైన తిరిగే ఆ రెక్కల చక్రం, ఒక వైపు తిరిగితే కింద ఉన్న డబ్బా రెండో వైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక చివర ఆ చిన్న రోటర్. పోరాటంలో దానికి తూటా తగిలితే హెలికాప్టర్ బొంగరం అవుతుంది. చినూక్ అనే పెద్ద రవాణా హెలికాప్టర్‌కి తోక రోటర్ ఉండదు, గమనించారా? ముందొకటి, వెనకొకటి పెద్ద రోటర్లు, ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతాయి. తోక కోసం శక్తి వృథా కాదు, ఇంజన్ బలమంతా బరువు ఎత్తడానికే పోతుంది. అరవై ఏళ్లు దాటినా చినూక్ ఇంకా తయారవుతోందంటే అదొక కారణం.

వేగం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. హెలికాప్టర్ ముందుకు పోతుంటే ఒక వైపు రెక్క గాలికి ఎదురెళ్తుంది, రెండో వైపుది గాలితో పాటు వెనక్కి వస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ వెనక్కి వచ్చే రెక్కకి గాలి తగ్గిపోయి పట్టు జారుతుంది. 1986లో బ్రిటిష్ లింక్స్ హెలికాప్టర్ ఒకటి గంటకి 400 కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టింది గానీ, మామూలుగా యుద్ధానికి పోయేవి 250, 300 మధ్యే. జెట్ విమానంతో పోలిస్తే నడక కింద లెక్క. ఆ నడకతోనే శత్రువు తుపాకుల మీదుగా పోవాలి. ఆ బాధ ముందు ముందు వస్తుంది.

ఇక కొరియా యుద్ధం. సబ్బు బుడగ లాంటి గాజు ముక్కుతో ఉండే బెల్ హెలికాప్టర్ని సైన్యంలో హెచ్-13 అనేవారు. లోపల చోటు లేదు కాబట్టి, బయట రెండు పక్కలా స్ట్రెచర్లు కట్టేవారు. గాయపడ్డ సైనికుణ్ణి అందులో పడుకోబెట్టి, పట్టీలు బిగించి, చలిగాలిలో అలాగే ఎగరేసుకొచ్చేవారు. ఊహించుకోండి, తొడలో తూటా దిగిన కుర్రాడు కళ్లు తెరిస్తే ఆకాశంలో, హెలికాప్టర్ బయట వేలాడుతున్నాడు! అయినా ఆ యుద్ధంలో ఆ రకం హెలికాప్టర్లు దాదాపు 18 వేల మందిని వైద్యశిబిరాలకు చేర్చాయని లెక్క. కొండదారుల్లో జీపులో గంటల తరబడి కుదుపులు తినాల్సిన ప్రయాణం నిమిషాల్లోకి వచ్చింది. ప్రాణాలు నిలవడంలో మందులకీ, రక్తనిధికీ, ముందు వరుసకి దగ్గరగా వచ్చిన సర్జన్లకీ కూడా వాటా ఉంది. ఇవన్నీ ఉన్నా మనిషిని వేళకి తెచ్చేవాడు లేకపోతే ఏం లాభం?

వియత్నాంలో ఆ పని చేసే దళాన్ని డస్టాఫ్ అని పిలిచేవారు. దానికి ఆ తీరు నేర్పినవాడు మేజర్ చార్లెస్ కెల్లీ. 1964 జూలై 1న కాల్పులు జరుగుతున్న చోట దిగాడు. "వెనక్కి వెళ్లిపో" అని కింద నుంచి రేడియోలో అరుస్తున్నారు. "మీ క్షతగాత్రులు నా దగ్గరికి వచ్చాక" అన్నాడు. క్షణాల్లో తూటా తగిలి చనిపోయాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లకి ఆ జవాబే ఆచారమైపోయింది.

వియత్నాం అంటే హ్యూయీ హెలికాప్టర్. యూహెచ్-1. ఆ రోటర్ చప్పుడు విన్నవాళ్లు మర్చిపోరంటారు. అంతకుముందు అల్జీరియాలో ఫ్రెంచివాళ్లు, సూయెజ్‌లో బ్రిటిష్ వాళ్లు హెలికాప్టర్లతో సైనికుల్ని దింపారు. 1956 నవంబర్ 6న రెండు ఓడల మీద నుంచి గంటన్నరలో 400 మందికి పైగా కమాండోలను పోర్ట్ సయీద్‌లో దింపడం అప్పట్లో పెద్ద విశేషం. ఒక డివిజన్‌ మొత్తాన్ని హెలికాప్టర్ల మీద నడపాలనే ఆలోచనని అమలు చేసింది మాత్రం అమెరికన్లే. దాని మొదటి పెద్ద పరీక్ష 1965 నవంబర్ 14, ఇయా డ్రాంగ్ లోయ.

లెఫ్టినెంట్ కల్నల్ హాల్ మూర్ దగ్గర సుమారు 450 మంది. హెలికాప్టర్లు 16. దిగే మైదానంలో ఒకేసారి పట్టేవి ఎనిమిది. వెళ్లి, దింపి, మళ్లీ ఎక్కించుకుని రావడానికి అరగంట. ఇప్పుడు మీరే లెక్క కట్టండి. మొదటి విడతలో దిగేది వంద మంది లోపే. రెండో విడత వచ్చేదాకా అరగంట పాటు వాళ్లు ఒంటరి. కొండ మీద ఎంతమంది శత్రువులు ఉన్నారో తెలియదు. పటం మీద గీసిన బాణం గుర్తు చూస్తే బెటాలియన్ మొత్తం ఒక్కసారి దూకినట్టు ఉంటుంది. నేల మీద చూస్తే గుప్పెడు గుప్పెడుగా వచ్చి పడుతున్నారు. ఆ అరగంటల మధ్యలోనే ఉత్తర వియత్నాం సైనికులు విరుచుకుపడ్డారు.

కాల్పులు ఎక్కువయ్యాక గాయపడ్డవాళ్లని తీసుకెళ్లాల్సిన హెలికాప్టర్లు దిగలేదు. అప్పుడు సైనికుల్ని మోసే దళానికి చెందిన బ్రూస్ క్రాండల్, ఎడ్ ఫ్రీమన్ తమంతట తామే ముందుకొచ్చారు. ఫ్రీమన్ పద్నాలుగు సార్లు వెళ్లాడు. వెళ్లేటప్పుడు తూటాలు, నీళ్లు, మందులు. వచ్చేటప్పుడు రక్తమోడుతున్న మనుషులు. వాళ్లకి అత్యున్నత శౌర్య పతకం ఇవ్వడానికి ఆ దేశానికి నాలుగు దశాబ్దాల దాకా పట్టింది. ఫ్రీమన్‌కి 2001లో, క్రాండల్‌కి 2007లో. ఆ రోజు ఆ నీళ్లూ తూటాలూ రాకపోతే ఆ బెటాలియన్ మిగిలేది కాదని చాలామంది రాశారు. నాకూ అదే అనిపిస్తుంది.

దీనికి వెల కూడా చెప్పాలి. వియత్నాంలో అమెరికా వాడిన హెలికాప్టర్లు దాదాపు 12 వేలు. పోగొట్టుకున్నవి సుమారు 5 వేలు. సగానికి కొంచెం తక్కువ! కొన్ని తూటాలకి, కొన్ని ప్రమాదాలకి.

ఇదే పని మన పక్కన 1971లో జరిగింది, చాలా తక్కువ యంత్రాలతో. ఢాకా వైపు పోతున్న భారత నాలుగో కోర్‌కి మేఘనా నది అడ్డమొచ్చింది. అశూగంజ్ దగ్గర వంతెనని పాకిస్తాన్ సేనలు వెనక్కి పోతూ పేల్చేశాయి. సముద్రంలా ఉండే నది. లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ ఆగదలుచుకోలేదు. వైమానిక దళంలో గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ తోడయ్యాడు. వాళ్ల చేతిలో ఉన్నవి డజను వరకు పాత ఎంఐ-4 హెలికాప్టర్లు. డిసెంబర్ 9 నుంచి వాటితోనే సైనికుల్ని, ఫిరంగుల్ని నది దాటించడం మొదలుపెట్టారు, పగలూ రాత్రీ. కింద టార్చిలైట్లు వేసి దిగే చోటు చూపించేవారు. మిగతావాళ్లు పడవల్లో దాటారు. వంతెన కూల్చేస్తే ఎన్నో రోజులు ఆగిపోతారనుకున్న సైన్యం అవతలి ఒడ్డున కనిపించేసరికి ఢాకాని కాపాడేవాళ్ల లెక్కలన్నీ తారుమారయ్యాయి. డిసెంబర్ 16న లొంగుబాటు. ఆ ఎంఐ-4ల మీద క్షిపణులు లేవు. అవి ఆ వారం చేసిన పని రేవు పడవ పని.

ఇలాంటి యంత్రాలు లేకపోతే ఏమవుతుందో బ్రిటన్, అర్జెంటీనా కొట్టుకున్న ఫాక్‌లాండ్స్ దీవుల్లో తెలిసింది. 1982 మే 25. అర్జెంటీనా ఎక్సోసెట్ క్షిపణులు అట్లాంటిక్ కన్వేయర్ అనే ఓడకి తగిలాయి. అది సరుకు ఓడే. ఆ సరుకు మాత్రం బ్రిటిష్ సైన్యం కాళ్లు. మూడు చినూక్‌లు, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు మంటల్లో పోయాయి. ఒక్క చినూక్ ఆ సమయంలో గాలిలో ఉండి బతికింది, పేరు బ్రావో నవంబర్. దాని విడిభాగాలు, పనిముట్లు అన్నీ ఓడతో పాటే మునిగాయి. అయినా సరే, ఆ ఒక్కటే యుద్ధం చివరిదాకా ఎగిరింది. ఒకసారి సీట్లు లేకుండా, బస్సులో కూరినట్టు 81 మంది పారాట్రూపర్లని నిలబెట్టి తీసుకెళ్లింది. మరి మిగతావాళ్లు? నడిచారు. వీపు మీద 40, 50 కిలోల మూటలతో, బురద నేలలో, చలిలో, 90 కిలోమీటర్లకు పైగా. ఆ నడక గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. గొప్పదే. కానీ వాళ్లు నడవాలని నడవలేదు, హెలికాప్టర్లు కాలిపోయి నడిచారు.

ఇక సియాచిన్. ఇక్కడ మన లెక్క దాని కొసకి చేరుతుంది. ఆరు వేల మీటర్లు దాటిన చోట్ల సైనికుల పోస్టులు ఉన్నాయి. రోడ్డు లేదు, కంచరగాడిద రాదు. అక్కడికి పోయేది చీతా అనే చిన్న హెలికాప్టర్. లామా అనే ఫ్రెంచి హెలికాప్టర్‌కి మన హెచ్‌ఏఎల్ సంస్థ ఇక్కడ తయారుచేసిన రూపం. అసలు లామా పుట్టిందే 1968లో భారత సైన్యం "మా కొండలకి తగిన యంత్రం కావాలి" అని అడిగినందుకు. అలాంటి యంత్రం కూడా ఆ ఎత్తులో మోసేది కొన్ని పదుల కిలోలే. ఒక జెర్రీ డబ్బా కిరోసిన్, కొంచెం తిండి, మందులు, ఉత్తరాలు. హెలిప్యాడ్ అంటే ఒక బల్ల లాంటి మంచు చదును, చుట్టూ లోయ. రోటర్ ఆపరు. ఆపితే మళ్లీ ఇంజన్ అంటుకుంటుందన్న నమ్మకం లేదు. మూటలు కిందికి తోసేయడం, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే లోపలికి లాగడం, లేవడం. నిమిషం కూడా పట్టదు. బర్మాలో హార్మన్ చేసింది ఇదే కదా! ఎనభై ఏళ్లు గడిచాయి. ట్రిప్పుకి ఒక్క మనిషే.

ఇప్పుడు తుపాకుల దగ్గరికి వద్దాం, ముందు వరుసలో కుర్రాళ్లు ఎదురుచూస్తున్నారు. (నవ్వులు)

వియత్నాంలో సైనికుల్ని దింపే హ్యూయీల మీద కాల్పులు జరుగుతుంటే, పక్కన కాపలాకి కొన్ని హ్యూయీలకి రాకెట్లు, మెషిన్ గన్‌లు తగిలించారు. ఆ బరువుకి అవి నెమ్మదించి, కాపలా కాయాల్సిన వాటికంటే వెనకబడ్డాయి. దాంతో 1967లో కోబ్రా వచ్చింది. పైలట్, గన్నర్ పక్కపక్కన కాకుండా ఒకరి వెనక ఒకరు. ఎదురుగా చూస్తే మీటరు వెడల్పే, చేపలా. దాడి కోసమే పుట్టిన హెలికాప్టర్ అన్నమాట. దాని తర్వాతి తరం అపాచీ. 1975లో మొదటిసారి ఎగిరింది. 30 మిల్లీమీటర్ల తుపాకీ పైలట్ తల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. 16 హెల్‌ఫైర్ క్షిపణులు, ఒక్కోటి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని ట్యాంకుని కొట్టగలదు. యూరప్ మైదానాల్లో సోవియట్ ట్యాంకులు వరదలా వస్తే చెట్ల వెనక నక్కి, తల ఎత్తి కొట్టి, మళ్లీ దాక్కోవడానికి తయారైన యంత్రం. నక్కడం అనే మాట గుర్తుంచుకోండి.

1991 జనవరి 17 తెల్లవారుజామున ఎనిమిది అపాచీలు ఇరాక్ సరిహద్దు దాటి రెండు రాడార్ కేంద్రాల్ని పేల్చాయి. ఆ గల్ఫ్ యుద్ధంలో మొదటి దెబ్బ యుద్ధ విమానాలది కాదు, వీటిదే. రాడార్లు పోయిన సందులోంచి విమానాలు బాగ్దాద్ వైపు పోయాయి. ఎడారిలో దారి తప్పకుండా వాటికి ముందు నడిచినవి వైమానిక దళం పేవ్ లో హెలికాప్టర్లు. చీకటి, నేలకి దగ్గరగా ఎగరడం, ముందే తెలిసిన లక్ష్యం. అన్నీ కుదిరాయి.

పన్నెండేళ్ల తర్వాత అదే దేశంలో, 2003 మార్చి 24న, కర్బలా దగ్గర ఇరాక్ సైన్యపు మదీనా డివిజన్ మీదికి 30 అపాచీలు పోయాయి. ఈసారి దారి ఇళ్ల మీదుగా. ఉన్నట్టుండి కింద దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వెలిగాయి. అదే సంకేతం. మేడల మీంచి, వీధుల్లోంచి రైఫిళ్లు, మెషిన్ గన్‌లు, దొరికినవన్నీ పేలాయి. ఒక అపాచీ దిగిపోయింది, ఇద్దరు పైలట్లు బందీలయ్యారు. తిరిగొచ్చిన వాటిలో దాదాపు అన్నిటికీ తూట్లు పడ్డాయి. అంత తూట్లు పడ్డా తిరిగొచ్చాయంటే యంత్రం గట్టిదే. వాడిన తీరు తప్పు. నక్కే చోటు లేనప్పుడు హెలికాప్టర్ నెమ్మదిగా కదిలే పెద్ద లక్ష్యం, అంతే.

ఇదే పాఠం సోవియట్లకి అఫ్ఘానిస్తాన్‌లో నేర్పినవి చిన్న భుజం క్షిపణులు. ఎంఐ-24 అద్భుతమైన యంత్రం. తుపాకులతో పాటు ఎనిమిది మంది సైనికుల్నీ మోస్తుంది. కొండల పలచని గాలిలో నిలువుగా లేవలేక విమానంలా పరుగెత్తి లేచేది. 1986 సెప్టెంబర్‌లో జలాలాబాద్ దగ్గర స్టింగర్ అనే ఆ క్షిపణులు మొదటిసారి పేలాక పైలట్లు ఎగిరే తీరే మార్చుకోవాల్సి వచ్చింది. కార్గిల్‌లో మనకీ ఆ చేదు తెలుసు. 1999 మే 28న తోలోలింగ్ దగ్గర రాకెట్లు తగిలించిన ఎంఐ-17 ఒకటి స్టింగర్‌కి కూలి, అందులోని నలుగురూ అమరులయ్యారు. ఎంఐ-17 బరువులు మోయడానికి పుట్టిన బండి. గాలి పలచని కొండల్లో దానికి దాడి పని అప్పగించారు. ఆ తర్వాత దాన్ని ఆ పని నుంచి తప్పించారు. కొండల కోసమే ప్రత్యేకంగా దాడి హెలికాప్టర్ కావాలన్న పట్టుదల అక్కడే బలపడింది. అదే 2022 అక్టోబర్ 3న వైమానిక దళంలో చేరిన ప్రచండ్. 5.8 టన్నుల తేలిక ఒళ్లు. పరీక్షల్లో సియాచిన్ ప్రాంతంలో దిగి చూపించింది.

కొన్నిసార్లు శత్రువు అక్కర్లేదు, లెక్క తప్పితే చాలు. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీల్ని విడిపించడానికి అమెరికా ఎనిమిది హెలికాప్టర్లు పంపింది. కనీసం ఆరు పనిచేయాలని ముందే లెక్క వేసుకున్నారు. ఎడారి దుమ్ములో, యంత్రాల మొరాయింపులో చివరికి మిగిలినవి ఐదు. రద్దు చేశారు. తిరిగి బయలుదేరేటప్పుడు ఒక హెలికాప్టర్ విమానానికి గుద్దుకుని ఎనిమిది మంది చనిపోయారు. 2011లో అబోటాబాద్‌లో లాడెన్ ఇంటి ఆవరణలో ఒక బ్లాక్ హాక్ హెలికాప్టర్ కూలినంత పని అయింది కదా. రిహార్సల్‌లో గోడకి బదులు జాలీ కంచె పెట్టారట. నిజం గోడ రోటర్ కిందికి తోసిన గాలిని బయటికి పోనివ్వలేదు. తన గాలి తన మీదికే తిరిగొచ్చి పట్టు జారింది. ఎన్నో నెలల ప్రణాళికలో కంచెకీ గోడకీ తేడా ఎవరికీ తట్టలేదు. పైలట్ నేర్పు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

టైమ్ అయిపోతోందంటున్నారు, అయినా ఒక దొంగతనం కథ చెప్పకుండా ఉండలేను. 1969 డిసెంబర్‌లో ఇజ్రాయెల్ సైనికులు ఈజిప్టు భూభాగంలోకి పోయి, సోవియట్లు ఇచ్చిన కొత్త రాడార్‌ని పేల్చకుండా, స్పానర్లతో విప్పి, రెండు సీహెచ్-53 హెలికాప్టర్లకి తాళ్లతో వేలాడదీసి ఎత్తుకొచ్చేశారు. టన్నుల బరువు! హెలికాప్టర్ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన దొంగతనం అది. (నవ్వులు)

చివరగా అందరూ అడిగే ప్రశ్న. డ్రోన్లు వచ్చాక హెలికాప్టర్ పని అయిపోయిందా? 2022 ఫిబ్రవరి 24న రష్యా హెలికాప్టర్లు కీవ్ పక్కన హోస్టోమెల్ విమానాశ్రయంలో సైనికుల్ని దింపాయి. దింపడం జరిగింది. వాళ్ల వెనక పెద్ద విమానాల్లో రావాల్సిన బలగం దిగలేకపోయింది, ఆ దాడి నిలవలేదు. మళ్లీ ఇయా డ్రాంగ్ అరగంటే గుర్తొస్తుంది. 2023 వేసవిలో అదే రష్యా కేఏ-52 దాడి హెలికాప్టర్లు దూరం నుంచి క్షిపణులతో ఉక్రెయిన్ కవచ వాహనాల్ని బాగా ఇబ్బంది పెట్టాయి, ముందు వరుస మీదికి పోకుండా. 2022 చివర్లో జపాన్ తన దాడి హెలికాప్టర్ల స్థానంలో డ్రోన్లు తేవాలని నిర్ణయించింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం కొత్త నిఘా హెలికాప్టర్ పథకాన్ని రద్దు చేసుకుంది. కాబట్టి చూసి రావడం, కొట్టి రావడం, ఈ రెండు పనులూ మెల్లగా డ్రోన్ చేతికి పోతున్నాయి. నా అంచనా అది. కానీ తొడలో తూటా దిగిన కుర్రాణ్ణి, పక్కన కూర్చుని రక్తం ఆపుతున్న మనిషితో సహా తెచ్చే పని? ఫిరంగిని కొండ మీదికి చేర్చే పని? ఆ బరువు ఎవరో ఒకరు మొయ్యాలి. ఆ మోతబండి అంత తొందరగా మూలన పడదనే నేననుకుంటున్నాను.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనకాల చెయ్యెత్తిన అమ్మాయి చెప్పమ్మా.

"గాల్లో ఉండగా ఇంజన్ ఆగిపోతే హెలికాప్టర్ రాయిలా పడిపోవడమేనా సార్?"

మంచి ప్రశ్న. చాలామంది అలాగే అనుకుంటారు. పడదమ్మా, పైలట్ వెంటనే స్పందిస్తే. ఇంజన్ ఆగగానే రెక్కల వాలు తగ్గించేస్తాడు. హెలికాప్టర్ కిందికి దిగుతుంటే కింద నుంచి వచ్చే గాలి రోటర్‌ని గాలిమరలా తిప్పుతూనే ఉంటుంది. నేల దగ్గరికి వచ్చాక, ఆ తిరుగుడులో దాచుకున్న శక్తినంతా ఒక్కసారి వాడి, రెక్కల వాలు మళ్లీ పెంచుతాడు. మెత్తగా దిగుతుంది. కావాల్సింది ఒకటే, కిందికి కొంచెం ఎత్తో, ముందుకు కొంచెం వేగమో చేతిలో ఉండాలి. సైనిక పైలట్లకి అదే బాధ. చెట్ల మీద రాసుకుంటూ పోయేవాడికి ఎత్తు ఉండదు, గాల్లో నిలబడ్డవాడికి వేగం ఉండదు.

ఎత్తు ఉంటే ఏం జరుగుతుందో చూపించినవాడు జాన్ బూలే అనే ఫ్రెంచి టెస్ట్ పైలట్. 1972 జూన్ 21న, ఇందాక చెప్పిన ఆ లామాలోనే, సియాచిన్‌లో తిరిగే చీతాకి అన్నగారు అనుకోండి, అనవసరమైనవన్నీ పీకేసి తేలిక చేసుకుని ఎక్కాడు. 12,442 మీటర్లు. ప్రయాణికుల జెట్ విమానాలు తిరిగే ఎత్తు. బయట మైనస్ 60 డిగ్రీల చలి. దిగుదామని శక్తి తగ్గించగానే ఇంజన్ ఆరిపోయింది, మళ్లీ అంటుకోలేదు. ఇక గాలి తిప్పే రోటర్ మీదే, ఇంజన్ చప్పుడన్నది లేకుండా, ఆ పన్నెండు కిలోమీటర్లూ మెల్లగా జారుతూ వచ్చి దిగాడు.